కాకి వాలింది, తాటిపండు పడింది!

శీర్షిక: లెక్కలూ – మనమూ

మన ఇళ్ళలో ఆట చూసే పద్ధతి ఈ మధ్య మారిపోయింది, గమనించారా? ఇదివరకు మన జట్టు ఓడితే అంపైర్‌ని తిట్టుకునేవాళ్ళం, పిచ్‌ని తిట్టుకునేవాళ్ళం, మరీ కడుపు మండితే టీవీ కట్టేసి ఇంత పెరుగన్నం తిని పడుకునేవాళ్ళం. ఇప్పటి పిల్లలకు అంత శ్రమ లేదు. "ఇట్స్ స్క్రిప్టెడ్, డాడీ!" అని ఒక్క ముక్క అనేసి ఫోన్ చూసుకుంటారు. పాట్‌లక్ పార్టీల్లో పెద్దవాళ్ళం మాత్రం తక్కువ తిన్నామా? "పెద్ద ఊరి జట్టు ఫైనల్‌కి వస్తేనే కదండీ టీవీ వాడికి డబ్బులు!" అని ఒకరంటే, "ఐపీఎల్ సంగతి వేరే చెప్పాలా!" అని మరొకరు బిర్యానీ ప్లేటుతో సహా వచ్చి చేరతారు.

ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. డబ్బుకు ఆటను అమ్ముకున్నవాళ్ళు నిజంగానే ఉన్నారు, జైలుకూ వెళ్ళారు. కాకపోతే మన కబుర్లలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతున్నాయి. జట్లన్నీ సమ ఉజ్జీలుగా ఉండేలా లీగ్ బాహాటంగా చేసే ఏర్పాటు ఒకటి. ఎవరో చాటుగా డబ్బు పుచ్చుకుని ఆటను వంచడం రెండోది. మొదటిది రూల్ బుక్‌లో అచ్చయి ఉంటుంది. రెండోది నేరం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తే అసలు దొంగ మన కళ్ళ ముందు నుంచే దర్జాగా వెళ్ళిపోతాడు. ఈసారి మన శీర్షికలో ఈ రెండు చిక్కుముడులనూ విడదీసి చూద్దాం.

ఆటలో అరటిపండు

మన చిన్నప్పటి వీధి క్రికెట్ గుర్తు చేసుకోండి. ఇద్దరు కెప్టెన్లు నిలబడి ఒకరి తర్వాత ఒకరు ఆటగాళ్ళను కోరుకునేవారు. ఒకడు బేసిగా మిగిలితే జోకర్, రెండు జట్లకూ బ్యాటింగ్ చేస్తాడు. ఎవరిదో తమ్ముడు మరీ చిన్నవాడైతే వాడు ఆటలో అరటిపండు, అవుటైనా లెక్కలోకి రాడు. బాగా ఆడేవాళ్ళంతా ఒకే వైపు చేరితే పది నిమిషాల్లో ఆట ముగిసి అందరూ ఇళ్ళకు పోతారని మనకు ఎనిమిదేళ్ళకే తెలుసు.

అమెరికన్ లీగులు చేసేదీ ఇదే, కాస్త పెద్ద ఎత్తున. ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో 1936 నుంచి డ్రాఫ్ట్ ఉంది. నిరుడు అందరికన్నా ఎక్కువ ఓడిన జట్టు ఈ ఏడు కొత్త ఆటగాళ్ళలో మొదటివాణ్ణి కోరుకుంటుంది. 1961లో అప్పటి కమిషనర్ పీట్ రోజెల్ టీవీ డబ్బును జట్లన్నీ సమానంగా పంచుకునేలా ఒప్పించాడు. అందుకే లక్ష పైచిలుకు జనాభా ఉన్న గ్రీన్ బే జట్టు న్యూయార్క్ జట్లతో సమానంగా నిలబడగలుగుతోంది. 1994లో శాలరీ క్యాప్ వచ్చింది. ఒక్కో జట్టు జీతాల కింద ఖర్చు పెట్టగల గరిష్ఠ మొత్తం ఆ ఏడాది 34.6 మిలియన్ డాలర్లు, 2025 నాటికి 279.2 మిలియన్లు. ఎంత డబ్బున్న ఓనరైనా ఆ గీత దాటడానికి వీల్లేదు. ఇక షెడ్యూల్ చూడండి. జట్టుకు 17 ఆటలు. వాటిలో మూడింటికి ప్రత్యర్థి ఎవరన్నది నిరుటి స్థానాన్ని బట్టి ఉంటుంది. మొదటి స్థానంలో ఉన్నవాళ్ళకు మొదటి స్థానంలో ఉన్నవాళ్ళతోనే పోటీ, చివరివాళ్ళకు చివరివాళ్ళతో.

దీని ఫలితం ఎలా ఉంటుందంటే, సిన్సినాటి బెంగాల్స్ 2019లో 16 ఆటల్లో రెండే గెలిచింది. ఆ ఓటమి పుణ్యమా అని 2020 డ్రాఫ్ట్‌లో మొదటి అవకాశం వచ్చి, జో బరోను తెచ్చుకుంది. 2022 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఆడింది. తెలియనివాళ్ళకు ఇది సినిమా కథలాగే కనిపిస్తుంది. తెలిసినవాళ్ళకు రూల్ బుక్ తన పని తాను చేసినట్టు కనిపిస్తుంది.

మనవాళ్ళకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. హైదరాబాద్ డెక్కన్ ఛార్జర్స్ 2008 మొదటి ఐపీఎల్‌లో 14 ఆటలకు రెండు గెలిచి ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానంలో నిలిచింది. 2009లో దక్షిణాఫ్రికాలో జరిగిన పోటీల్లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో కప్పు కొట్టింది! 2008 విజేత రాజస్థాన్ రాయల్స్ అయితే వేలంలో అన్నిటికన్నా తక్కువ ధరకు అమ్ముడైన జట్టు. వేలంపాటకు డబ్బు పరిమితి, విదేశీ ఆటగాళ్ళ సంఖ్యకు పరిమితి పెట్టినప్పుడు జట్ల మధ్య తేడా సన్నగిల్లుతుంది. తేడా తగ్గేకొద్దీ ఆఖరి ఓవర్ దాకా తేలని ఆటలు పెరుగుతాయి. అలాంటి ఆటలు పెరిగేకొద్దీ "ఇదెలా సాధ్యమండీ?" అనే అనుమానమూ పెరుగుతుంది. అంటే, లీగ్ నిజాయితీగా సమానత్వం తెచ్చినా సరే, చూసేవాడికి అది నాటకంలా కనబడే ప్రమాదం ఉందన్నమాట.

కవరూ, బంతులూ, కాకీ

అనుమానాలన్నిటికీ తాతలాంటిది బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ లాటరీ. 1985లో మొదటిసారి పెట్టారు. ఏడు జట్ల పేర్లు ఏడు కవర్లలో పెట్టి, గుండ్రటి డ్రమ్ములో తిప్పి, కమిషనర్ డేవిడ్ స్టెర్న్ తీశాడు. న్యూయార్క్ నిక్స్‌కు మొదటి అవకాశం, దాంతో పాట్రిక్ ఈవింగ్. అంతే! ఆ కవరు ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచారని కొందరు, మూల మడత పెట్టారని కొందరు. నలభై ఏళ్ళయినా ఆ కథ చల్లారలేదు.

కొత్త కథ డాలస్‌ది. 2025 ఫిబ్రవరిలో మావెరిక్స్ తమ లూకా డాన్సిచ్‌ను లాస్ ఏంజెలెస్‌కు ఇచ్చేసింది. డాలస్ చుట్టుపక్కల మన తెలుగు ఇళ్ళలో కూడా లూకా జెర్సీ లేని పిల్లవాడు అరుదు, ఆ దుఃఖం ఊహించుకోవచ్చు. మే నెలలో లాటరీ తీస్తే 1.8 శాతం అవకాశం ఉన్న ఆ మావెరిక్స్‌కే మొదటి స్థానం, కూపర్ ఫ్లాగ్! "లూకాని ఇచ్చినందుకు బహుమతి" అని దేశమంతా అంది.

పిల్లలూ, ఇప్పుడు లెక్క చూద్దాం. ఆ లాటరీలో 1 నుంచి 14 వరకు అంకెలున్న బంతులు వేసి నాలుగు తీశారు. ఏ వరసలో వచ్చినా ఒకటే. 14లోంచి 4 తీసే విధాలు 1001. ఒకటి వదిలేసి 1000 కూర్పులను జట్లకు పంచారు. డాలస్ వాటా 18. అందుకే 1.8 శాతం. ఈ తంతు ఫోన్లు బయట పెట్టించిన గదిలో, జట్ల ప్రతినిధులూ కొందరు విలేకరులూ చూస్తుండగా జరుగుతుంది.

"1.8 శాతం వాడు గెలవడమా!" అని కదా మన ఆశ్చర్యం. కానీ డాలస్ ఒక్కటే కాదు, ఆ అడుగు వరుసలో అలాంటి చిన్న అవకాశం ఉన్న జట్లు ఏటా మూడు నాలుగైనా ఉంటాయి. అన్నిటినీ కలిపితే సుమారు 5 శాతం. అంటే వాటిలో ఏదో ఒకటి గెలవడం ఇరవై ఏళ్ళకోసారి జరిగే ముచ్చట. అవకాశాలను ఎక్కువ తక్కువలుగా పంచడం మొదలైన 1990 నుంచి 2025 దాకా 36 లాటరీలు. ఇన్నిటిలో రెండుసార్లకు కాస్త తక్కువగా జరగాలి. నిజానికి జరిగింది నాలుగుసార్లు: 1993లో ఒర్లాండో, 2008లో షికాగో, 2014లో క్లీవ్‌లాండ్, 2025లో డాలస్. మరి ఎక్కువే కదా? నిజమే. రెండు రావలసిన చోట నాలుగో అంతకన్నా ఎక్కువో రావడానికి సంభావ్యత సుమారు పదింట ఒకటి. పదింట ఒకటికి ముక్కున వేలేసుకోవచ్చు, ఎవరి చేతికీ సంకెళ్ళు వేయలేం.

మన భాషలో దీనికి చక్కటి మాట ఉంది: కాకతాళీయం. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణంలో పండు రాలిపడింది. చూసినవాడు కాకే పండును పడగొట్టిందన్నాడు. కాకి వాలినా పండు పడని రోజులు వాడి లెక్కలో లేవు. 2005లో మిల్వాకీ, 2006లో టొరంటో లాటరీ గెలిచాయి. వాటి మీద ఎవరైనా కథలల్లారా? ఇంకో సంగతి. పెద్ద ఊరికి మేలు చేయడమే లీగ్ ఉద్దేశమైతే, న్యూయార్క్ నిక్స్ 1985 తర్వాత 2025 దాకా మళ్ళీ ఒక్కసారి కూడా లాటరీ గెలవలేదెందుకని? ఈవింగ్ ఉన్నన్నాళ్ళూ ఆ జట్టు ఒక్క టైటిలూ గెలవలేదు. ఇదే స్క్రిప్ట్ అయితే రాసినవాడెవరో పరమ బద్ధకస్తుడు!

ఓడితే లాభమా?

అయితే లీగులకు పూర్తిగా మంచి మార్కులు వేసేయనక్కర్లేదు. సమానత్వం కోసం పెట్టిన రూల్‌లోనే ఒక పెద్ద కన్నం ఉంది. చివరి స్థానానికి బహుమతి ఉన్నప్పుడు, మధ్యలో వేలాడే జట్టుకు ఓడిపోవడమే తెలివైన పని అవుతుంది. దీన్నే ట్యాంకింగ్ అంటున్నారు. ఫిలడెల్ఫియా 76ఎర్స్ కొన్నేళ్ళు దీన్ని ఒక ప్రణాళికగానే నడిపింది. 2015–16లో 10 గెలిచి 72 ఓడింది, ఆ తర్వాతి డ్రాఫ్ట్‌లో మొదటి అవకాశం తీసుకుంది. 2018లో డాలస్ ఓనర్ మార్క్ క్యూబన్ "ఓడిపోవడమే మనకు మేలు" అనే అర్థం వచ్చేలా బయటకే మాట్లాడి 6 లక్షల డాలర్ల జరిమానా కట్టాడు. 2023లో అదే జట్టు సీజన్ చివర్లో ముఖ్యమైన ఆటగాళ్ళను పక్కన కూర్చోబెట్టి 7.5 లక్షల డాలర్లు కట్టింది. 2019లో లాటరీ రూల్ మార్చి, అట్టడుగు జట్టుకు 25 శాతం ఉన్న అవకాశాన్ని 14కు తగ్గించారు. అయినా రోగం పూర్తిగా కుదరలేదు.

కోర్టులో ఉన్న ఆటగాడు ఓడాలని ఆడడు. గెలవగలిగిన జట్టును మాత్రం యాజమాన్యం కోర్టులోకి దింపదు. టికెట్ కొన్న కుటుంబం మటుకు పూర్తి ధరే ఇస్తుంది. చట్టం దీన్ని ఫిక్సింగ్ అనదు, కానీ అందరికీ కనబడుతూ జరిగే మోసం ఇది. ఇంగ్లండ్‌లో ఉన్న మన పాఠకులు ఇది చదివి నవ్వుకుంటారు. అక్కడి ప్రీమియర్ లీగ్‌లో ఆఖరి మూడు జట్లు ఏకంగా కింది డివిజన్‌కు పోతాయి, కాబట్టి సీజన్ చివరి రోజు దాకా ప్రాణాలకు తెగించి ఆడతారు. కాకపోతే అక్కడ డ్రాఫ్ట్ లేదు, ఏటా పై వరుసలో కనబడేవి ఇంచుమించు అవే పెద్ద జట్లు. ఏ పద్ధతికి ఉండే తంటా దానికుంది.

ఇంటి దొంగ

ఇక అసలు ఫిక్సింగ్ సంగతి. రుజువైన కేసులను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పోలిక కనబడుతుంది.

1919 బేస్‌బాల్ వరల్డ్ సిరీస్‌లో షికాగో వైట్ సాక్స్ ఆటగాళ్ళు పందెంరాయుళ్ళ దగ్గర డబ్బు తీసుకున్నారని తేలింది. 1921లో జ్యూరీ వదిలేసినా కమిషనర్ లాండిస్ ఎనిమిది మందినీ జీవితాంతం నిషేధించాడు. ఎన్‌బీఏలో 13 సీజన్లు రిఫరీగా చేసిన టిమ్ డొనాహీ తాను నడిపే ఆటల గురించే జూదగాళ్ళకు సమాచారం అందించాడు. ఎఫ్‌బీఐ వాళ్ళు వేరే మాఫియా కేసు తవ్వుతుంటే ఇది బయటపడింది. 2007లో నేరం ఒప్పుకున్నాడు, 2008లో 15 నెలల శిక్ష పడింది. 2013 ఐపీఎల్‌లో ఫలానా ఓవర్లో ఇన్ని పరుగులు ఇవ్వడానికి బేరం కుదుర్చుకున్నారంటూ రాజస్థాన్ ఆటగాళ్ళు ముగ్గురిని ఢిల్లీ పోలీసులు అరెస్టు చేశారు. 2015లో ఢిల్లీ కోర్టు వాళ్ళపై అభియోగాలను కొట్టేసింది. అదే ఏడాది లోధా కమిటీ మాత్రం జట్ల పెద్దల బెట్టింగ్ వ్యవహారంలో చెన్నై, రాజస్థాన్ జట్లను రెండేళ్ళు బయట పెట్టింది. 2018లో తిరిగివచ్చిన చెన్నై ఆ ఏడే కప్పు గెలిస్తే, అనుమానించేవాళ్ళకు మళ్ళీ పండగ!

వీటిలో ఏదీ లీగ్ ఆఫీసులో కూర్చుని "ఈసారి కప్పు ఫలానా జట్టుకు" అని రాసిన కథ కాదు. మా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో కూడా అంతే. బయటి హ్యాకర్ కన్నా లోపల పాస్‌వర్డ్ ఉన్నవాడితోనే భయం ఎక్కువ. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని పెద్దలు ఊరికే అనలేదు. ఒక రిఫరీ, ఒక బౌలర్, ఒక ఆటగాడు, వాడికొక అప్పో ఆశో. కప్పు మొత్తం అమ్మాలంటే వందమంది నోరు మూయించాలి. ఒక్క ఓవర్ అమ్మడానికి ఒక్కడు చాలు.

రుజువు లేని అనుమానానికీ ఒక ధర ఉంటుంది. 2002లో లేకర్స్–కింగ్స్ ఆరో ఆట చివరి క్వార్టర్‌లో లేకర్స్ 27 ఫ్రీ త్రోలు వేసింది. ఆ ఆట మీద డొనాహీ 2008లో ఆరోపణ చేశాడు, లీగ్ కాదంది, ఏదీ రుజువు కాలేదు. శాక్రమెంటో అభిమానులకు ఆ గాయం ఇంకా మానలేదు. మన హైదరాబాద్ అజారుద్దీన్‌ను 2000లో క్రికెట్ బోర్డు జీవితాంతం నిషేధించింది. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. ఈలోగా పన్నెండేళ్ళు గడిచిపోయాయి, ఆయన టెస్టులు 99 దగ్గరే ఆగిపోయాయి. నిజం ఏదైనా కానీండి, సకాలంలో సరిగ్గా విచారించకపోతే ఆటకూ ఆటగాడికీ ఇద్దరికీ అన్యాయమే.

జేబులో కోడిపందెం

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇది. 2018 మేలో సుప్రీంకోర్టు తీర్పుతో అమెరికాలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ఆటల మీద పందేలను అనుమతించే వీలు కలిగింది. ఇప్పుడు మూడు వంతుల రాష్ట్రాల్లో చట్టబద్ధం. మన గోదావరి జిల్లాల్లో కోడిపందెం చూడాలంటే సంక్రాంతి దాకా ఆగాలి. ఇక్కడ బరి జేబులోనే ఉంది, రోజుకు 24 గంటలూ. పైగా పందెం గెలుపు ఓటముల మీదే కానక్కర్లేదు. ఫలానా ఆటగాడు ఎన్ని పాయింట్లు చేస్తాడు, తర్వాతి బంతి ఎంత వేగంతో వేస్తాడు అని చిల్లర పందేలు. వీటిని ప్రాప్ బెట్స్ అంటారు.

ఇంటి దొంగకు ఇంతకన్నా సులువైన పని ఉంటుందా? టొరంటో రాప్టర్స్ ఆటగాడు జాంటే పోర్టర్ 2024లో రెండు ఆటల్లో ఐదు నిమిషాలు తిరగకుండానే గాయమనో ఒంట్లో బాగాలేదనో బయటికి వచ్చేశాడు. అతను తక్కువ స్కోరు చేస్తాడని తెలిసినవాళ్ళు ముందే పందెం కట్టారు. అందులో ఒకడు 80 వేల డాలర్లు పెట్టి 11 లక్షలు కొట్టేయబోతుంటే బెట్టింగ్ కంపెనీకే అనుమానం వచ్చి ఆపింది. పోర్టర్ జూదం అప్పుల్లో ఉన్నాడు. లీగ్ జీవితకాల నిషేధం వేసింది, కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. 2025 నవంబరులో క్లీవ్‌లాండ్ గార్డియన్స్ పిచ్చర్లు ఇద్దరి మీద ఒక్కో బంతిని అమ్ముకున్నారని అభియోగాలు వచ్చాయి. వాళ్ళు కాదన్నారు. బేస్‌బాల్ లీగ్ మాత్రం వెంటనే ఒక్క బంతి మీద పందేన్ని 200 డాలర్లకు పరిమితం చేయించింది.

కాలేజీ ఆటల్లో పరిస్థితి ఇంకా సున్నితం. డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు పందొమ్మిదేళ్ళ పిల్లలకు బెదిరింపు మెసేజీలు పెడుతున్నారు. అందుకే ఎన్‌సీఏఏ అధ్యక్షుడు చార్లీ బేకర్ 2024లో కాలేజీ ఆటగాళ్ళ మీద ప్రాప్ బెట్స్ నిషేధించమని రాష్ట్రాలను కోరాడు. కొన్ని విన్నాయి.

తల్లిదండ్రులకు ఒక మాట. డార్మ్‌లో ఉన్న అబ్బాయి "అంతా స్క్రిప్టెడ్" అంటున్నాడంటే ఆటలంటే విరక్తి కలిగిందని అనుకోకండి. ఒక్కోసారి అది పందెంలో డబ్బు పోగొట్టుకున్నవాడి ఓదార్పు కూడా కావచ్చు. ఇంకోవైపు, "స్క్రిప్ట్ నాకు తెలిసిపోయింది" అనుకునేవాడే తర్వాతి పందెం ఇంకా పెద్దది కడతాడు. కేకలేయకుండా పక్కన కూర్చుని ఏ యాప్ వాడుతున్నావు, ఎంత పెట్టావు అని అడగండి. చెయ్యి దాటిందనిపిస్తే 1-800-426-2537 నంబరుకు ఫోన్ చేయొచ్చు. ఇందులో పరువు తక్కువేమీ లేదు.

పిల్లలకు మూడు ప్రశ్నలు. ఈసారి ఏ ఆట మీదైనా అనుమానం వస్తే వీటిని వరసగా అడగండి. ఒకటి, ఇది రూల్ బుక్‌లో బాహాటంగా ఉన్న ఏర్పాటేనా? రెండు, ఇలాంటిది ఎన్నేళ్ళకోసారి మామూలుగానే జరుగుతుంది? మూడు, మోసమే అయితే ఎంతమంది కలవాలి, ఎవరికి ఎంత ముడుతుంది? మొదటి రెండింటిలోనే చాలా కథలు తేలిపోతాయి. మూడోది దాటి నిలబడిన అనుమానాన్ని మాత్రం వదలకండి, గట్టిగా అడగండి. అలా అడిగినవాళ్ళ వల్లే లీగులు కాస్త తలుపులు తెరుస్తున్నాయి. ఆట చివరి రెండు నిమిషాల్లో రిఫరీలు చేసిన తప్పులను ఎన్‌బీఏ 2015 నుంచి తనే ప్రకటిస్తోంది.

చివరగా ఒక హోంవర్క్. హైస్కూల్ పిల్లలకు పైథాన్ వచ్చు కదా! ఏటా 5 శాతం అవకాశంతో 36 లాటరీలు, వాటిని పదివేల సార్లు ఆడించే చిన్న ప్రోగ్రాం రాయండి. ఎన్నిసార్లు నాలుగో అంతకన్నా ఎక్కువో వచ్చాయో లెక్కపెట్టి సంపాదకులకు పంపండి. నా "పదింట ఒకటి" మీ లెక్కతో కలుస్తుందో లేదో వచ్చే సంచికలో చూద్దాం. అందాకా సెలవు!